కిన్నెర మెట్లు ఎవరు అతికిస్తారు?

మన మౌఖిక కథల పేర్లు ఒకసారి వరసగా రాసుకుని చూడండి. బుర్రకథ, ఒగ్గు కథ, శారద కథ, జముకుల కథ, పంబల కథ. వీటిలో ఒక్కటి కూడా కథానాయకుడి పేరు మీద లేదు, ఛందస్సు పేరు మీద లేదు. అన్నీ వాద్యాల పేర్లే. బుర్ర అంటే తంబురాకు ఉండే గుండ్రటి బుర్ర. ఒగ్గు అంటే ఒగ్గు పూజారుల చేతిలోని డమరుకం. శారద తీగల వాద్యం. జముకు, పంబ సరేసరి. ఈ పేర్లు పెట్టినవాళ్ళకి కథ ఎక్కడ మొదలవుతుందో తెలుసు: చేతిలో ఉన్న వస్తువు దగ్గర.

ఇప్పుడు ఈ కథల మీద మనం రాసుకున్న వ్యాసాలు తీసి చూడండి. నాయకుడి గురించి ఉంటుంది, ధిక్కారం గురించి ఉంటుంది, పాఠాంతరాల గురించీ, మాండలికం గురించీ పేజీలకి పేజీలు ఉంటాయి. వాద్యం మాత్రం ఎక్కడో ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ‘కిన్నెర వాయిస్తూ గానం చేస్తారు.’ అంతే. తర్వాతి వాక్యంలో మళ్ళీ కథలోకి వెళ్ళిపోతాం. నా పేచీ అంతా ఆ ఒక్క వాక్యంతోనే.

కిన్నెరనే ఎందుకు తీసుకున్నానంటే, మాది దేవరకొండ. మా దగ్గర్నుంచి డిండి దాటి, శ్రీశైలం రోడ్డు మీద కొంచెం పోయి అచ్చంపేట దిక్కు మళ్ళితే లింగాల మండలం వస్తుంది. ఆ మండలంలోని అవుసలికుంట దర్శనం మొగులయ్య ఊరు. పన్నెండు మెట్ల కిన్నెర అనగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చే పేరు ఆయనదే. 2021 సెప్టెంబర్‌లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట వచ్చింది. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. అప్పటిదాకా హైదరాబాద్ ఆఫీసుల్లో కిన్నెర అంటే ఏమిటో తెలిసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ పాట మొదట్లో కాసేపు ఆయన గొంతూ కిన్నెరా వినిపిస్తాయి. తర్వాత డ్రమ్స్ అందుకుంటాయి. నగరానికి కిన్నెర పరిచయం ఆ కాసేపే.

నిజానికి ఆ మాట మనకి పుస్తకాల్లో బాగా పరిచయం. కిన్నెరలంటే దేవలోకపు గాయకులు. విశ్వనాథ చేతిలో ‘కిన్నెరసాని’ వాగైంది, పాటైంది. కవిత్వంలో ఈ మాట ఎప్పుడూ కొంచెం పైనే తేలుతూ ఉంటుంది, నేల మీదకి దిగదు. పాలమూరులో కిన్నెర అంటే వెదురు కర్ర, రెండు మూడు ఎండిన ఆనపకాయ బుర్రలు, కాస్త తేనెమైనం, తీగలు. భుజాన వేసుకుని ఊరూరా తిరిగే వస్తువు. ఒకే మాటకున్న ఈ రెండు అర్థాల మధ్య ఎంత దూరం ఉందో మన సాహిత్యానికీ ఆ కథలకీ మధ్య కూడా దాదాపు అంతే దూరం ఉంది.

అయితే ఈ దూరం మొదట్నుంచీ ఉన్నది కాదు. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీతరత్నాకరం’ వాద్యాల అధ్యాయంలో కిన్నరీ వీణని వివరిస్తుంది. చిన్నది లఘ్వి, పెద్దది బృహతి. దండం, బుర్రలు, మెట్లు అన్నీ ఉన్న వాద్యమే. ఆ గ్రంథానికి ‘సంగీతసుధాకరం’ అనే వ్యాఖ్యానం రాసిన సింగభూపాలుడు మన రాచకొండ రాజు. రేచర్ల పద్మనాయకులు. ఆ వంశంలోనే ఇంకో శాఖ ఏలింది మా దేవరకొండని. మా ఊరి గుట్ట మీది కోట వాళ్ళదే. అంటే కిన్నెరని శాస్త్రంగా వివరించిన పుస్తకాన్ని చదివి, దానికి సంస్కృతంలో వ్యాఖ్య రాసిన రాజవంశం ఈ గుట్టల్లోనే ఉండింది. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో అయితే కిన్నెర బ్రహ్మయ్య అనే భక్తుడే ఉన్నాడు. వాద్యమే ఆయన ఇంటిపేరైంది.

ఈ చరిత్ర చెప్పడం కిన్నెరకి పెద్దరికం కట్టబెట్టడానికి కాదు. ‘చూశారా, మన జానపద వాద్యానికి శాస్త్రంలోనూ చోటుంది’ అని మురిసిపోవడం మనకున్న ఇంకో అలవాటు. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే సంగతి. సంస్కృతంలో ఆ వాద్యాన్ని ఎలా తయారు చేయాలో రాసిపెట్టారు. వ్యాఖ్య రాశారు, ప్రతులు రాయించారు, అచ్చేశారు. అలా రాసిపెట్టిన కిన్నరీ వీణ పుస్తకంలో ఉండిపోయింది. ఎవరూ ఏమీ రాసిపెట్టని కిన్నెర పాలమూరు దాకా నడిచొచ్చింది. ఎలా? దీనికి జవాబు కథలో దొరకదు, తయారీలో దొరుకుతుంది.

మైనం దగ్గర మొదలుపెడదాం.

గిటార్ మెట్లు లోహపువి. చెక్కలో గాడి కోసి దిగ్గొడతారు. ఎక్కడ కోయాలో లెక్క ఉంది: తీగ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది, మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. 650 మిల్లీమీటర్ల తీగకి మొదటి మెట్టు 36.5 మిల్లీమీటర్ల దగ్గర. ఫ్యాక్టరీలో ఒకసారి కోసేశాక ఇక దాని గురించి వాయించేవాడు ఆలోచించక్కర్లేదు. కిన్నెర మెట్లు అట్లా కాదు. వాటిని తేనెమైనంతో వెదురు మీద అతికిస్తారు. వెదురుకి మేకు కొడితే చీలుతుంది, మైనానికి ఆ బాధ లేదు. వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే పట్టుకుంటుంది. కాబట్టి మెట్టుని కాస్త ఇటు, కాస్త అటు జరుపుకోవచ్చు.

అదే మైనంతో ఇంకో చిక్కుంది. తేనెమైనం కరిగేది 62–64 డిగ్రీల దగ్గరైనా, మెత్తబడటం చాలా ముందే మొదలవుతుంది. పాలమూరు, నల్లగొండ ఎండలు ఎట్లుంటాయో చెప్పక్కర్లేదు. మే నెలలో కిన్నెర భుజానేసుకుని ఊరి నుంచి ఊరికి నడిచే మనిషి వాద్యంలో మెట్లు చెప్పిన చోట ఉంటాయా? ఎప్పుడో ఒకప్పుడు జరుగుతాయి, ఊడతాయి. ఊడినప్పుడు మళ్ళీ అతికించాలి. ఎక్కడ అతికించాలో చెవికి తెలియాలి. అంటే ఈ వాద్యం ఒకసారి చేసేస్తే అయిపోయేది కాదు. వాయించే మనిషి దాన్ని జీవితమంతా చేస్తూనే ఉండాలి. కిన్నెర వాయించేవాళ్ళే కిన్నెరని చేసుకోవడం ఆచారం మాత్రమే కాదు, ఆ పదార్థాలు పెట్టిన షరతు కూడా.

దీన్ని కాగితం మీద ఒప్పుకోవడం వేరు, చేత్తో తెలుసుకోవడం వేరు. నిరుడు మా ఇంటి పందిరికి వదిలేసిన ఆనపకాయ ఒకటి, లోపల గింజలు గలగలమనేదాకా ఎండింది. దానికి ఒక వెదురు బద్ద, ఒక స్టీలు తీగ, కాస్త మైనం కలిపి రెండు మూడు శని ఆదివారాలు కూర్చున్నాను. అది కిన్నెర అని అనను. ఒక తీగ, మూడు మెట్లు ఉన్న ఒక ప్రయోగం. తీగ పొడవు 72 సెంటీమీటర్లు పెట్టుకున్నాను, లెక్క తేలికవుతుందని. మధ్యమానికి 54, పంచమానికి 48, పై షడ్జానికి 36. స్కేలుతో కొలిచి గుర్తులు పెట్టి మెట్లు అతికించి మీటితే, పంచమం కొంచెం ఎక్కువ పలికింది. కారణం తేలికే. మెట్టు మీదికి తీగని నొక్కినప్పుడు తీగ కాస్త సాగుతుంది, బిగువు పెరుగుతుంది, శ్రుతి పైకి పోతుంది. మెట్టు ఎంత ఎత్తుగా ఉంటే అంత తేడా. ఆ ఎత్తు చేత్తో చెక్కిన ప్రతి మెట్టుకీ వేరు. లెక్క 48 అంటే, చెవి ఇంకాస్త ఎక్కువ పొడవు కావాలంటుంది. చివరికి చెవి చెప్పిందే వినాలి. మైనాన్ని వేడి చేసి, మెట్టుని వెంట్రుకవాసి జరిపి, మీటి, మళ్ళీ జరపాలి. అక్కడ పంచమం అంటే ఏమిటో మొదటిసారి వేళ్ళకి తెలిసింది. ఆ జ్ఞానాన్ని రాసి ఇంకొకరికి ఇవ్వలేం. పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలి. పుస్తకంలోని కిన్నరి నిలబడి, ఊళ్ళోని కిన్నెర నడిచొచ్చింది ఇందుకే అనుకుంటాను.

ఇక్కడ వీణతో పోల్చి చూస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. వీణ మెట్లు కూడా మైనం మీదే ఉంటాయి, ఇరవై నాలుగు. కొన్నేళ్ళకోసారి వాటిని మళ్ళీ వేయించాలి. కానీ ఆ పని వైణికులు చెయ్యరు, వీణలు చేసేవాళ్ళు చేస్తారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్ళు పనస చెక్కతో వీణలు చేస్తారు. ఒకే దుంగని తొలిచి చేసిన వీణకి పేరు ఎక్కువ. అక్కడ చేసేది ఒకరు, వాయించేది ఇంకొకరు. మహారాష్ట్రలో మిరజ్ సితార్లు, తంబురాలు కూడా అంతే. వాటి బుర్రలు పండరిపురం చుట్టుపక్కల భీమా నది ఒడ్డున పండుతాయి. ఆ భీమా దిగువకి వచ్చి కృష్ణలో కలిసేది మన నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర. ఒకే నీళ్ళు, అదే ఆనపకాయ. ఎగువన ఆ కాయకి రైతు ఉన్నాడు, కొనే వ్యాపారి ఉన్నాడు, చేసే పనివాడు ఉన్నాడు, వాయించే ఉస్తాద్ ఉన్నాడు. దిగువన ఆ నలుగురూ ఒక్క మనిషే.

బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిరజ్ సితార్‌కీ వచ్చింది. మంచిదే. కానీ ఆ గుర్తింపు ఊహించుకునే ప్రపంచంలో ఒక ఊరు ఉంటుంది, అక్కడ వస్తువు తయారవుతుంది, బయటివాళ్ళు కొంటారు. కిన్నెర ఆ నమూనాలో ఇమడదు. దానికి కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. అలాగని పద్మ పురస్కారాల నమూనాలోనూ పూర్తిగా ఇమడదు. అవి వ్యక్తికి ఇస్తాయి, గొంతుకి ఇస్తాయి. పక్కన కూర్చుని మైనం వేడి చేసే పిల్లవాడికి ఇవ్వవు. 2024లో మొగులయ్య హైదరాబాద్ శివార్లలోని తుర్కయాంజాల్‌లో కట్టడం పనిలో కూలీగా కనిపించిన వీడియో మనందరం ఫోన్లలో చూశాం, బాధపడ్డాం. ఆ బాధ నిజమే. కానీ మన బాధంతా ‘పద్మశ్రీకి ఈ గతా’ అనే దగ్గరే ఆగింది. ఆ పని చేసే పూట ఆయన పక్కన నేర్చుకుంటూ ఎవరు కూర్చోవాలి, వాళ్ళకి కూలి ఎవరివ్వాలి అనే ప్రశ్న దాకా రాలేదు.

ఇక్కడే ‘చివరి కళాకారుడు’ అనే మాట గురించి చెప్పాలి. పత్రికల్లో, డాక్యుమెంటరీల్లో, మన వెబ్ పత్రికల్లో కూడా ఈ మాట బాగా చెల్లుతోంది. చదవగానే గుండె పట్టేస్తుంది. విమర్శకుడిగా చూస్తే మాత్రం అది చాలా సోమరి మాట. ఒక మనిషిని ‘చివరి’ అనగానే అతని తర్వాత ఏం జరగాలో ఆలోచించే బాధ్యత మనకి తప్పిపోతుంది. పైగా అది చుట్టూ ఉన్న మిగతావాళ్ళని చెరిపేస్తుంది. మాదిగలకి ఆశ్రిత కులమైన డక్కలివాళ్ళున్నారు. జాంబపురాణం చెప్పేవాళ్ళు. కిన్నెర వాళ్ళ చేతిలోనూ ఉంది. అంటరానితనంలో కూడా అడుగున నిలబడ్డ కులం అది. కిన్నెర వాళ్ళకి కళ అవ్వడానికి ముందు అడుక్కునే హక్కు, మిరాశీ, తిండి. ‘చివరి కళాకారుడు’ అనే శీర్షికలో ఇవేవీ పట్టవు.

మరి ఈ కథల్ని సాహిత్యంగా చదివేవాళ్ళకి ఈ మైనం గొడవంతా ఎందుకు? నా అభిప్రాయం ఏమిటంటే, తయారీ తెలియకపోతే పాఠాన్ని కూడా సరిగ్గా చదవలేం.

మౌఖిక సాహిత్యం అనగానే మనం మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్‌లని తలుచుకుంటాం. 1930లలో యుగోస్లావియాలో గుస్లె అనే ఒంటితీగ వాద్యంతో వీరగాథలు పాడేవాళ్ళని రికార్డు చేసి, లార్డ్ 1960లో ‘ద సింగర్ ఆఫ్ టేల్స్’ రాశాడు. దాన్నుంచి మనం తెచ్చుకున్నది ‘ఫార్ములా’ అనే మాట. గాయకుడు కట్టుబడి ఉన్న పదబంధాలతో అప్పటికప్పుడు కథ అల్లుతాడు అనేది. చాలా విలువైన మాట. కానీ ఆ పదబంధం ఎంత పొడవు ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు? ఊపిరి కొంత, తాళం కొంత, వాద్యం కొంత. మొగులయ్య పండుగ సాయన్న కథ చెప్తున్న వీడియో ఏదైనా ఒకటి పెట్టుకుని, కాగితం మీద మాటలతో పాటు కిన్నెర ఎప్పుడు పలుకుతోందో కూడా గుర్తు పెట్టండి. గొంతు ఆగినచోట కిన్నెర వాక్యం పూర్తిచేస్తుంది. గొంతు ఎత్తుకోబోయే స్వరాన్ని కిన్నెర ముందే చూపిస్తుంది. అచ్చులో అది ఖాళీ జాగా. ఆ ఖాళీని మనం ‘పునరుక్తి’ అనో ‘పూరకం’ అనో రాసుకుంటాం. నిజాం కాలంలో ఉన్నోళ్ళని దోచి లేనోళ్ళకి పంచిన సాయన్న మీద మనం ధిక్కార సాహిత్యం అని ఎంత రాసినా, ఆ ధిక్కారం సగం ఆ ఖాళీ జాగాలోనే ఉంది.

నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, మనం రిపోజిటరీలో అవుట్‌పుట్ మాత్రం దాచుకుని సోర్స్ కోడ్ పారేస్తున్నాం. కథ రికార్డింగు, పాట వీడియో, అచ్చు పాఠం అన్నీ అవుట్‌పుట్లే. మళ్ళీ కథ పుట్టాలంటే కావలసింది వేరే. ఏ కాయ కోయాలి, ఎన్నాళ్ళు ఎండబెట్టాలి, ఎక్కడ తొలచాలి, మైనంలో ఏం కలపాలి, మెట్టు ఎంత ఎత్తు చెక్కాలి.

ఈ వాదనకి రెండు అభ్యంతరాలు రావొచ్చు. రెండూ గట్టివే.

మొదటిది: సామాన్లే మారిపోయాక ఇంకేం తయారీ? పాతరోజుల్లో కిన్నెర మెట్లు అలుగు పెంకులతో చేసేవాళ్ళని, తీగలకి వెంట్రుకలో జంతువుల నరాలో వాడేవాళ్ళని చెప్తారు. అలుగు ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు. ముట్టుకోకూడదు, ముట్టుకోనక్కర్లేదు కూడా. తీగలు ఎప్పుడో లోహానికి మారాయి. అయినా కిన్నెర కిన్నెరగానే ఉంది. అంటే సంప్రదాయం అలుగు పెంకులో లేదు. పెంకు లేనప్పుడు దాని బదులు ఏది సరిపోతుందో పట్టుకోగల చేతిలో ఉంది. మ్యూజియంలో ఒక పాత కిన్నెరని అద్దాల పెట్టెలో పెడితే పెంకు దక్కుతుంది, ఆ చెయ్యి దక్కదు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి వాద్యాలు సేకరించి ‘ఆద్యకళ’గా మన ముందు పెట్టారు కాబట్టే ఈ మాట అనగలుగుతున్నాం. వాళ్ళు సేకరించిన వస్తువు పక్కన దాన్ని చేసే పద్ధతిని కూడా నిలబెట్టడం తర్వాతి అడుగు. అది వాళ్ళ ఇద్దరి పని మాత్రమే కాదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: ఎవరు నేర్చుకోవాలి? వారాంతం వర్క్‌షాపులో నాలాంటివాళ్ళు కిన్నెర చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటే ఎవరికి లాభం? ఒక కులాన్ని అడుక్కోమని తరాలుగా కట్టేసిన వస్తువు ఇంకొకరికి సరదా అయిపోతుంది. అటు, డక్కలి పిల్లలే దాన్ని మొయ్యాలి అనడం ఇంకా అన్యాయం. ఆ పిల్లకి బీటెక్ చదవాలని ఉంటే చదవనివ్వాలి గదా. సంప్రదాయం బతకడం కోసం మనుషులు పాత బతుకులోనే ఉండాలని కోరుకునే హక్కు ఎవరికీ లేదు.

దీనికి నా దగ్గర ఉన్న జవాబు చిన్నది. నేర్పడం జీతమున్న పని కావాలి, నేర్చుకోవడం కూడా స్టైపెండ్ ఉన్న పని కావాలి. గురువు స్థానంలో ఆ కులాలవాళ్ళే ఉండాలి, నేర్చుకునే స్థానంలో ఎవరైనా ఉండొచ్చు. అప్పుడు కిన్నెర ఎవరికీ బలవంతం కాదు, ఎవరికీ సరదా వస్తువూ కాదు. సంగీత కళాశాలల్లో వీణకి అధ్యాపకులున్నట్టు కిన్నెరకీ ఉండటంలో వింతేమీ లేదు. కాకపోతే ఆ తరగతిలో మొదటి ఏడాది పాటలుండవు. ఆనపకాయ గింజలు నాటడంతో మొదలవుతుంది.

ఇక విమర్శ రాసేవాళ్ళుగా మనం చేయగలిగింది ఇంకా చిన్నది, ఇవాళే మొదలుపెట్టగలిగింది. ఇకమీదట ఎవరైనా కిన్నెర కథని అచ్చు వేస్తే, పాఠంతో పాటు ఆ కిన్నెర వివరం కూడా అడుగుదాం. ఎన్ని మెట్లు, ఏ తీగ ఏ శ్రుతికి కట్టారు, బుర్రలు ఎక్కడివి, మెట్లు దేనితో చెక్కారు, మైనంలో ఏం కలిపారు, ఇది ఎవరి దగ్గర చూసి నేర్చుకున్నారు. కథకుడి పేరు వేసినట్టే ఆ నేర్పినవాళ్ళ పేరూ వేద్దాం. సమీక్ష రాసేటప్పుడు ఈ వివరాలు లేకపోతే, ఒక అధ్యాయం లేని పుస్తకాన్ని అన్నట్టే ‘ఇది అసంపూర్ణం’ అని రాద్దాం.

‘కిన్నెర వాయిస్తూ గానం చేస్తారు’ అనే ఆ ఒక్క వాక్యం అప్పుడు కనీసం రెండు పేజీలవుతుంది. ఆ రెండు పేజీలు చదివి ఎవరూ కిన్నెర చేయలేరు, నిజమే. కానీ ఎవరి దగ్గరికి వెళ్ళి కూర్చోవాలో తెలుస్తుంది.